అక్క ఇచ్చిన ప్రమాణపత్రం

ఫిబ్రవరి 3

తమ్ముడూ,

ఫోన్ చేద్దామంటే మీ బావ పక్కనే నిలబడి నా మాటలు కూడా తనే చెప్తాడు. అందుకని రాస్తున్నాను. మధ్యాహ్నం పూట మా పశువుల ఆసుపత్రికి ఎవరూ రారు. డాక్టరు కుర్చీలో నిద్రపోతాడు. టీకా మందులు పెట్టే ఫ్రిజ్జు మీద కాగితం పెట్టుకున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నా చెయ్యి కాదు, ఫ్రిజ్జు వణుకుతోందనుకో.

మీ సామిల్లుకు దుంగలు తోలే లారీ డ్రైవరు నిన్న ఆవును తోలుకొచ్చాడు. పొదుగు వాచింది. నేను వేడినీళ్ళతో కడుగుతుంటే వెనక నిలబడి, "మీ తమ్ముణ్ణి మిల్లులోంచి తీసేశారంటగా" అన్నాడు. ఎందుకని అడిగితే పళ్ళికిలించాడు. "ఏదో ఫారంలో ఏదో రాశాడంట. ఇంటివాళ్ళు, మీకే తెలియాలి" అన్నాడు. ఆ ఆవు వాడినొక్క తన్ను తంతే బాగుండుననుకున్నాను. మంచి ఆవు. తన్నలేదు.

పదకొండేళ్ళు ఆ మిల్లులో రంపాలకు సాన పట్టావు. సానమేస్త్రీ అని పిలిచేవాళ్ళు. పోయినసారి నేనొచ్చినప్పుడు గేటు దగ్గర నన్ను పైనుంచి కిందికి చూశాడే, ఆ మేనేజరేనా తీసేసింది? చూపులోనే తెలిసింది వాడి బతుకు. ఏం జరిగిందో దాచకుండా రాయి. మీ బావ కోర్టు ఎదురుగా గొడుగు కింద ముప్ఫై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాడు. మనవాళ్ళకి కాకపోతే ఆ కలం ఎందుకు?

అక్క


ఫిబ్రవరి 10

అక్కా,

తీసేసిన మాట నిజమే. డ్రైవరు ఇంతవరకు మోసుకొచ్చిన సరుకులో చెడకుండా చేరింది ఇదొక్కటే.

కొత్త సంవత్సరంలో మిల్లులో అందరికీ ఒక ఫారం ఇచ్చారు. పనిలో ప్రమాదం జరిగితే కబురు ఎవరికి పెట్టాలి, ఆ మనిషి నీకేమవుతాడు అని రెండు గళ్ళు. మొదటి దాంట్లో కండక్టరు పేరు రాశాను, నువ్వొచ్చినప్పుడు మా గదిలో చూశావే, ఆ బస్సు కండక్టరు. రెండో దాంట్లో ఉన్నది రాశాను. గుమాస్తా దాన్ని మేనేజరుకు చూపించాడు. మేనేజరు భోజనాల గదిలో బల్లెక్కి పెద్దగా చదివాడు. మూడో రోజున నా చేతికి ఉత్తరం వచ్చింది. నేను "మిల్లు వాతావరణానికి సరిపడటం లేదు"ట. రంపపు పొట్టు, డీజిలు పొగ, మేనేజరు బూతులు. పదకొండేళ్ళు ఆ వాతావరణానికి సరిపడ్డాను.

రెండేళ్ళ కిందట వచ్చిన చట్టం ఒకటుంది. మగవాడు మగవాడితో బతికినా, ఆడది ఆడదానితో బతికినా, ఆ కారణంగా ఎవరినీ పనిలోంచి తీయకూడదు. ఆ కాగితం మా భోజనాల గదిలోనే అంటించారు. దాని మేకుకి తడి తువ్వాళ్ళు ఆరేస్తారు. నేను కార్మిక విచారణ మండలిలో కేసు వేశాను. కార్మిక సంఘం లాయరమ్మ చూస్తోంది. బావ కలం అవసరం లేదు. ఆయన్ని గొడుగు కిందే ఉండమను.

నీకు తెలియని సంగతేం కాదు కనక ఇంతకంటే రాయటం లేదు.

తమ్ముడు


ఫిబ్రవరి 19

తమ్ముడూ,

ఎంత మాటన్నారు నిన్ను! నా తమ్ముడు అలాంటివాడా? ఆ మేనేజరు నాలుకకు పురుగు పట్ట. గదికి ఇద్దరు సర్దుకుని అద్దె పంచుకుంటే దానికింత రంగు పూస్తారా? నువ్వు 'స్నేహితుడు' అని రాసుంటావు, వాళ్ళు ఇంకేదో చదివారు. చట్టమట, చట్టం. పరువుగల మనిషిని ఆ చట్టం కిందికి తోసి, పైగా అదే రక్షణ అంటారు.

నువ్వు బావ కలం వద్దన్నావు. వద్దంటే ఆగే మనిషా ఆయన? నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తుడుచుకుని, "ఇది పచ్చి నీలాపనింద, దీనికి నా దగ్గర నమూనా ఉంది" అన్నాడు. కోడిని దొంగిలించాడని నింద పడినవాడికీ అదే నమూనాట, పేర్లు మారిస్తే చాలట. స్టాంపు కాగితం మీద నేను ప్రమాణం చేసినట్టు రాశాడు. ఎంత బాగా రాశాడనుకున్నావ్. "సదరు నా తమ్ముడు బాల్యము నుండియు సత్ప్రవర్తన కలవాడనియు, సదరు గదియందు ఒకే మంచము, ఒకే దుప్పటి యుండుట కేవలము పేదరికము వలననే యనియు, నేను స్వయముగా మూడు దినములుండి కన్నులారా చూచితిననియు, వివాహము కాకుండుట తగిన సంబంధము కుదరక పోవుట చేతనే యనియు..." అలా రెండు పేజీలు. నేను సంతకం పెట్టాను. ఆయన పక్క గొడుగు వాడు సాక్షి సంతకం పెట్టాడు.

ఒక ప్రతి మండలికి, ఒక ప్రతి మిల్లుకి రిజిస్టరు పోస్టులో పంపేశాం. ఆ మేనేజరు మొహం మాడిపోవాలి. నువ్వేం మెచ్చుకోనక్కర్లేదు, వేళకి తిను.

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

నీ ప్రమాణపత్రం చేరింది. మేనేజరు మొహం మాడలేదు. మిల్లు లాయరు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బిడ్డను మోసినట్టు మోస్తున్నాడు.

అతని వాదన ఇప్పుడిది. సొంత అక్క ఒట్టేసి చెబుతోంది, ఇతను అలాంటివాడు కాదని. కానివాణ్ణి ఆ కారణంతో తీశామని ఎలా అంటారు? చట్టం ఇతనికి వర్తించదు. పైగా ఫారంలో అబద్ధం రాశాడు, అబద్ధం రాసినవాణ్ణి తీసే హక్కు మిల్లుకి ఉంది. విచారణాధికారి తలాడించాడు. వాళ్ళకి లేని కారణాన్ని మీరిద్దరూ కూర్చుని తయారుచేసి, పోస్టు ఖర్చులు కూడా పెట్టుకుని పంపారు. బావకి చెప్పు, కోడి దొంగ నమూనా బ్రహ్మాండంగా పనిచేసిందని.

తొమ్మిదేళ్ళ కిందట నువ్వు మా గదికి వచ్చావు. మూడు రోజులున్నావు. వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఇద్దరికీ ఒకటే దుప్పటేంట్రా, చలెయ్యదా" అన్నావు. నీకు అర్థమైంది, నవ్వులాటకి అన్నావనుకున్నాను. కండక్టరు డ్యూటీకి వెళ్తూ, "మీ అక్క గట్టిది" అన్నాడు. ఆ రోజంతా చిల్లర తప్పు లెక్కపెట్టాడట. నెల తిరక్కుండా నీ దగ్గర్నుంచి రెండో దుప్పటి పార్సిలొచ్చింది. దాన్ని కూడా మంచిగానే అనుకున్నాం. ప్రమాణపత్రం చదివాక ఆ దుప్పటి అర్థమైంది.

కాబట్టి బావ పక్కనుంచి అర్థం చెప్పకపోయినా నీకు తెలిసేలా రాస్తున్నాను. నేను అలాంటివాణ్ణే. పన్నెండేళ్ళుగా అతనితో కాపురం చేస్తున్నాను. ఆ గడిలో రాసింది 'స్నేహితుడు' కాదు. 'జీవిత భాగస్వామి'.

మార్చి 24న విచారణ. నువ్వే వచ్చి, ప్రమాణపత్రం తప్పని నీ నోటితో చెబితేనే కేసు నిలుస్తుందని లాయరమ్మ అంటోంది. రావాలనిపించకపోతే రావద్దు. అప్పుడు ఉత్తరాలు కూడా వద్దు.

తమ్ముడు


మార్చి 5

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి టీకా సీసాల వెనక దాచాను. డాక్టరు ఏదో వెతుకుతూ తలుపు తీసినప్పుడల్లా పరుగెత్తి సీసా నేనే అందిస్తున్నాను.

కాపురమా? ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. కాపురం నాది. ఇరవై ఆరేళ్ళుగా మీ బావ గురక, ఆయన చొక్కా జేబుల్లో సిరా మరకలు, నేను పెరట్లోకి వెళ్ళి బట్టలు ఆరేసి వచ్చినా "సదరు భార్య ఇంతసేపు ఎచట నుండెను" అనడం. దీన్నంటారు కాపురమని. సంబంధం వెతుకుతానంటే తప్పించుకుని, హాయిగా నచ్చినవాడితో గదిలో ఉండి, దానికి కూడా నా మాటే వాడుకుంటావా?

ఇంట్లో సంగతి విను. నేనొచ్చి ఆ ప్రమాణం తప్పంటే, రాసినవాడు మీ బావ. లైసెన్సు మీదికి వస్తుందని ఆయన మంచమెక్కాడు. లేచి ఒక ఉపాయం చెప్పాడు. ఇంకో పత్రం పంపుదామట, అందులో "నాకు తెలిసినంతవరకు" అని ఒక్క ముక్క చేరిస్తే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందట. ముప్ఫై ఏళ్ళ అనుభవంట. ఈ మనిషి రాసిన కాగితాలు పట్టుకుని ఊళ్ళో జనం పొలాలు కొనుక్కున్నారు, ఎలా నిద్రపోతున్నారో.

ఒక్క మాటడుగుతాను, కోప్పడకు. వేరే మిల్లులు లేవా? నువ్వు ఎలాంటివాడివైనా సరే, కాదని నలుగురూ అనుకుంటే నీకేం పోయింది? నీ గది తలుపు నీకుంది. వేసుకో. ఎవరొచ్చి కొట్టారు?

అక్క


మార్చి 11

అక్కా,

కోపం లేదు. ఈ మాట నువ్వే మొదట అడగలేదు. మిల్లు యజమాని నీకంటే ముందే అడిగాడు.

నా జాగాలో ఎవడినో పెట్టుకున్నారు. వాడు రంపపు పట్టీని సుత్తితో కొట్టి బిగువు చూడటం తెలియక, పళ్ళు మాత్రం అరగదీసి తగిలిస్తున్నాడు. నెలలో రెండు పట్టీలు తెగాయి. పలకలు తిన్నగా కోసుకు రావటం లేదు, పాము పాకినట్టు వస్తున్నాయి. కొన్నవాళ్ళు తిరగ్గొట్టారు. ఆదివారం యజమాని మా గదికే మనిషిని పంపాడు. ఫారంలో పొరపాటున రాశానని ఒక్క వాక్యం రాసిస్తే సోమవారం నుంచి పనిలోకి రావచ్చట. కేసు వదిలేయాలట. "మీరు ఎలా ఉన్నా మాకేం బాబూ, కాగితం మీద లేకపోతే చాలు" అన్నాడు వచ్చినవాడు.

అంటే నేను అలాంటివాణ్ణని వాళ్ళకి రోత కూడా లేదు. రోత ఉంటే కొంచెం గౌరవించేవాణ్ణి. కాగితం మీద లేకపోతే చాలు. నువ్వూ అదే అంటున్నావు. మీరంతా ఒకే గొడుగు కింద కూర్చుని రాస్తున్నట్టున్నారు.

ఏం పోయిందో చెప్తాను. కిందటేడు రంపపు పట్టీ తెగి నా భుజం చీల్చింది. నీకు చిన్న దెబ్బని రాశాను, అది అబద్ధం. ఆసుపత్రిలో రెండు రోజులు తెలివి లేదు. మిల్లువాళ్ళు కబురు ఎవరికీ పెట్టలేదు. కండక్టరు బస్సులో ఎవరో అనుకుంటుంటే విని, బస్సు డిపోలో వదిలేసి వచ్చాడు. నర్సు "మీరేమవుతారు" అంది. "పక్క గదివాణ్ణి" అన్నాడు. పక్క గదివాళ్ళకి లోపలికి వెళ్ళే రూలు లేదట. రెండు రోజులు నీళ్ళ కూజా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నేను బతికానో లేదో ఊడ్చే ఆమెను అడిగి తెలుసుకున్నాడు.

అందుకని ఈసారి ఫారం వచ్చినప్పుడు ఉన్నది రాశాను. తలుపు వేసుకుని ఉన్నాం కనకే అతను తలుపు బయట కూర్చోవాల్సి వచ్చింది.

పొరపాటని నేను రాసివ్వను. నువ్వు రాసిచ్చావు, నీ ఇష్టం.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడూ,

భుజం సంగతి నాకు అబద్ధం రాశావు. అది ముందు గుర్తుపెట్టుకో, ఈ ఇంట్లో అబద్ధాలు రాసేది మీ బావ ఒక్కడే కాదు.

నేను కూడా ఒకటి ఒప్పుకుంటాను. ఆ దుప్పటి తెలియక పంపలేదు. మొదటి రోజే తెలిసింది. నువ్వు అరుగు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటుంటే అతను వచ్చి, ఏం మాట్లాడకుండా నీ చేతిలోంచి కత్తెర తీసుకుని కుడిచేతి గోళ్ళు తను తీశాడు. నువ్వు పేపరు చదువుతూనే చెయ్యిచ్చావు. ఇరవై ఆరేళ్ళలో నా గోరు ఎవడూ తీయలేదు. ఇంటికొచ్చి ఒక దుప్పటి కొని పంపి, చూసింది మర్చిపోయాను. మర్చిపోవడానికి దుప్పటి సరిపోయింది, తొమ్మిదేళ్ళు.

వస్తున్నాను. బావ రావటం లేదు. "సదరు ప్రయాణమునకు నా సమ్మతి లేదు" అన్నాడు. సమ్మతి ఎవడడిగాడు? అన్నం గిన్నె పొయ్యి మీద ఉందని చెప్పాను.

నిన్ను మెచ్చుకుని వస్తున్నాననుకోకు. నాకింకా మింగుడు పడలేదు. ఒక సాయం చెయ్యి. అక్కడ నిలబడి ఏ మాట అనాలో రాసి పంపు. ఇలాంటివాళ్ళ గురించి నాకు తెలిసిన మాటలన్నీ తిట్లే. చిన్నప్పటినుంచీ విన్నవి అవే. పదిమందిలో నిన్ను తిట్టి రావడానికి నేను బస్సెక్కను.

అక్క


మార్చి 20

అక్కా,

మాటేమీ వెతుక్కోవద్దు. 'నా తమ్ముడు ఇతనితో బతుకుతున్నాడు, నేను చూశాను' అను. చట్టానికి అంత చాలని లాయరమ్మ చెప్పింది.

బస్టాండుకి కండక్టరు వస్తాడు. నీ సంచి మోస్తానంటాడు. ఇస్తే ఇయ్యి, లేకపోతే లేదు. అక్కడ గుంజులాట పెట్టుకోవద్దు. ఇద్దరూ మొండివాళ్ళే, నాకు భయంగా ఉంది.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

ఇల్లు చేరి వారం దాటింది. ఆ రోజు నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడకుండా బస్సెక్కానని నొచ్చుకుని ఉంటావు. అంతకుముందే నా దగ్గరున్న మాటలన్నీ మండలిలో అయిపోయాయి.

మిల్లు లాయరు మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "అమ్మా, మీరు అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?" అప్పుడు, అన్నాను. "ఎందుకు?" సిగ్గేసి, అన్నాను. "ఇప్పుడు సిగ్గు లేదా?" ఉంది బాబూ, మీ ముందు నిలబడాల్సి వచ్చిందని, అన్నాను. అధికారి కాగితాల వెనక మొహం దాచుకున్నాడు. నవ్వాడో, తుమ్మాడో.

నువ్వు చూడనిది ఒకటుంది. విరామంలో నేను వరండాలో కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే మీ యజమాని వచ్చాడు. తెల్ల చొక్కా, చేతులు కట్టుకుని, ఎంత వినయమో. "అమ్మా, పెద్దవారు. ఇంటి ఆడపడుచు అయ్యుండి తమ్ముడి గుట్టు ఇలా రచ్చకీడ్చవచ్చా?" అన్నాడు. "బల్లెక్కి చదివింది మీ మేనేజరు, నేను కాదు" అన్నాను. "చదివినవాణ్ణి ఇంకా పనిలో ఉంచుకున్నారు, వాడు మీ వాతావరణానికి బాగా సరిపడ్డాడు" అన్నాను. ఆయన కుళాయి కట్టేసి వెళ్ళిపోయాడు. అప్పటికి నేనింకా చేతులు కడుక్కోలేదు.

మీ బావకి నోటీసు వచ్చింది. ఆరు నెలలు గొడుగు తెరవకూడదు. నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. నిన్న మాత్రం గోడకి చెప్తున్నట్టు, "ఆ కాగితం మీద 'నాకు తెలిసినంతవరకు' అని ముందే చేర్చవలసినది" అన్నాడు. గోడ ఒప్పుకోలేదు.

లారీ డ్రైవరు మళ్ళీ వచ్చాడు, దూడకి విరేచనాలు. అతనికి మండలిలో జరిగిందంతా తెలుసు. "ఏమక్కా, అలాగంటగా" అని మొదలుపెట్టాడు. "అలాగే. దూడ తోక పైకెత్తి పట్టుకో" అన్నాను. పట్టుకున్నాడు. ఏ పక్కన నిలబడాలో అతనికి చెప్పలేదు. ఇంటికి వేరే చొక్కాలో వెళ్ళాల్సి వచ్చింది.

నీ కండక్టరు నా సంచి తీసుకున్నాడు. నేనివ్వలేదు, అతనే తీసుకున్నాడు. బస్సులో కిటికీ సీటు చూపించి, నా పక్కన కూర్చోకుండా మూడు వరసల వెనక కూర్చున్నాడు. మంచి పని చేశాడు. అతన్ని ఏమని పిలవాలో నాకింకా తెలియలేదు. తొందరపెట్టకు.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

మండలి ఆర్డరు వచ్చింది. నన్ను తీసెయ్యడం చట్టవిరుద్ధం, పాత పనిలోనే పాత హోదాలోనే తిరిగి పెట్టుకోవాలి. మేనేజరుకి మందలింపు. నీ మాటలు ఆర్డరులో పూర్తిగా ఉన్నాయి, 'సిగ్గేసి' అన్నదానితో సహా. లాయరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

నిన్న పనిలోకి వెళ్ళాను. ఏడున్నరకి గేటు తీశారు. యజమాని స్వీటు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు, "మన కుటుంబం మళ్ళీ కలిసింది" అంటూ. ఫొటో తీసేవాణ్ణి కూడా పిలిపించాడు, పేపర్లో వేయించుకోవటానికి. పెట్టె ముట్టుకోలేదు. మేనేజరు చెట్లు చూస్తున్నాడు. మా మిల్లు ఆవరణలో చెట్లు లేవు.

హాజరు పుస్తకం తెరిస్తే నా పేరు లేదు. పదకొండేళ్ళు ఆరో వరసలో ఉండేది. ఆ వరసలో కొత్తవాడి పేరు ఉంది. గుమాస్తా, "కింద ఖాళీ ఉంది సానమేస్త్రీ, అక్కడ రాసుకో, ఎక్కడైతే ఏంటి" అన్నాడు. అక్కడ రాస్తే కొత్తగా చేరినవాణ్ణవుతాను. పాత హోదా అని ఆర్డరులో ఉంది. రాయనన్నాను. యజమాని నచ్చజెప్పాడు. ఫొటో తీసేవాడు వాచీ చూసుకున్నాడు. గుమాస్తా కొత్త పుస్తకం తెచ్చి, గీతలు గీసి, అందరి పేర్లూ మొదటినుంచీ రాయాల్సి వచ్చింది. గంటన్నర పట్టింది. నేను గేటు పక్కన నిలబడే ఉన్నాను.

ఆ గంటన్నరా మిల్లు నడవలేదు. పట్టీ ముందురోజే తెగింది. దుంగ సగం కోసి ఆగిపోయి ఉంది, యాభై మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను ఆరో వరసలో సంతకం పెట్టి, సుత్తి తీసుకునేదాకా కూర్చునే ఉన్నారు.

తమ్ముడు